వదలని బోల్టు: మామా మేనకోడలి సంవాదం

ఎంటర్‌ప్రైజ్ అని ఒక తెరచాప పడవ. ఇంగ్లండులో జాక్ హోల్ట్ 1956లో గీసిన డిజైను. నాలుగు మీటర్ల పొడవు, ప్లైవుడ్ ఒళ్ళు, నీలిరంగు తెరచాపలు. ఇద్దరు కలిసి నడపాలి. మన దేశపు సెయిలింగ్ క్లబ్బుల్లో ఒకప్పుడు చాలామందికి చెయ్యి తిరిగింది దాని మీదే. ఇప్పుడు హుస్సేన్ సాగర్ మీద చూస్తే పిల్లల ఆప్టిమిస్టు పడవలు, పెద్దల లేజర్ పడవలే ఎక్కువ. పాత ఎంటర్‌ప్రైజులు గోడవార బోర్లా పడి ఉంటాయి. అలాంటిది ఒకటి హైదరాబాద్ నుంచి డీసీఎం ఎక్కి కాజీపేట చేరింది. దాన్ని కొన్న అమ్మాయి మేనమామ ఇల్లు అక్కడుంది. ఆయన దగ్గర బరువైన బెంచి వైసు, పానాల పెట్టె, లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన చేతులు ఉన్నాయి. అమ్మాయి వరంగల్ ఎన్ఐటీలో మెటలర్జీ చదివింది. సెలవు రోజుల్లో హుస్సేన్ సాగర్ మీద పడవ నడుపుతుంది.

పడవలో మూడుచోట్ల లోహం పట్టుకుని వదలడం లేదు. మాస్టు, అంటే తెరచాప కొయ్య, ఈ పడవలో అల్యూమినియం గొట్టం. దాని అడుగున అడ్డకొయ్యను పట్టి ఉంచే గూస్‌నెక్కు స్టెయిన్‌లెస్ స్క్రూలు నాలుగు. మాస్టును పక్కలనుంచి లాగి నిలబెట్టే తీగల్లో ఒకదాని టర్న్‌బకిల్. వెనక చుక్కాని వేలాడే పాత ఇత్తడి కొక్కేలు. వీటిని ఏం చెయ్యాలన్న దాని మీద ఇద్దరికీ కుదరలేదు. ఎవరిది రైటు అని నన్నడిగితే, ఏ సామాను సంగతి అడుగుతున్నారో ముందు చెప్పమంటాను.

మామ: మూడు రోజులు నూనె పోసుకుంట కూసుంటవా బిడ్డా? గ్యాస్ కట్టర్ తెప్పిస్త. పది నిమిషాల పని. షెడ్డుల ఇంజను నిలబడ్డదంటే పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. జామైన బోల్టుకు ఒక్కసారి నూనె చూపెట్టేటోళ్ళం. రాకపోతే ఎర్రగ కాల్చి సుత్తెతోటి కొట్టేటోళ్ళం. అప్పటికీ రాకపోతే కోసి కొత్తది వేసేటోళ్ళం. బోల్టుకు ఎంత పెడ్తవు? దానికి ఇంత మర్యాదెందుకు?

కోడలు: బోల్టుకు కాదు మామా మర్యాద, అది దూరిన గొట్టానికి. ఈ మాస్టు గోడ రెండు మిల్లీమీటర్ల మందం కూడ ఉండదు. ఇంకో సంగతి, నువ్వు కాల్చింది ఉక్కును. ఉక్కు వేడెక్కితే రంగు మారి చెప్తది. ముదురు ఎరుపు, చెర్రీ ఎరుపు, నారింజ, నీ కంటికి అన్ని తెలుసు. అల్యూమినియం ఏం చెప్పదు. 660 డిగ్రీల దగ్గర కరుగుతది, అప్పటిదాక పగటి వెలుగుల తెల్లగనే ఉంటది. కరగకముందే చెడిపోతది కూడ. ఈ మిశ్రమానికి గట్టితనం ఫ్యాక్టరీల వేడి చికిత్స ఇచ్చి తెచ్చింది. 200 డిగ్రీలు దాటించి కొంచెంసేపు ఉంచితే ఆ గట్టితనం దిగిపోతది. చూడ్డానికి మాస్టు మాస్టులాగనే ఉంటది. గాలి జోరుగ కొట్టిన రోజు సరిగ్గ అక్కడనే మడత పడ్తది.

మామ: అయితే ముట్టుకోకు. పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే ఉండనియ్యి. రైల్వేల మా భయమంత ఊడేటి బోల్టు మీదనే. స్ప్లిట్ పిన్ను ఎందుకు పెడ్తరు, లాక్ నట్టు ఎందుకు పెడ్తరు? వదలొద్దనే. ట్రాలీ కింద ఒక్క నట్టు వదిలితే ఏమైతదో నీకు చెప్పాల్నా? నువ్వేమో వదుల్తలేదని బాధపడుతున్నవు.

కోడలు: పడవల సగం సామాన్లు వదలడానికే పుట్టినయి. తాడు క్లీటు నుంచి చేతితోటి లాగంగనే రావాలె. షాకిల్ పిన్ను వేళ్ళతోటి తిరగాలె. టర్న్‌బకిల్ తిప్పితె మాస్టు ముందుకు, వెనక్కు వంగాలె. హైదరాబాద్‌ల పెద్ద రేసులు వానాకాలంల పెడ్తరు, ఎందుకంటే గాలి అప్పుడే బాగుంటది. ఆ గాలి ఒక్కసారి దిక్కు మారి కొడితే తెరచాపను ఆ క్షణంల వదిలెయ్యాలె. వదల్లేదంటే పడవ బోల్తా. చుక్కాని ఇరుసు బిగుసుకుంటే పడవ తిరగదు. నౌకాదళం ఆడపిల్లలు ఆరుగురు తారిణి అనే తెరచాప పడవ మీద భూమి చుట్టి వచ్చిన్రు కదా, 2017 సెప్టెంబర్ల గోవాల బయలుదేరి 2018 మేల తిరిగొచ్చిన్రు. అందుల స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొద్దపాటిది హైదరాబాద్. అంత దూరం తిరిగి, ఆఖరి మజిలీల, కేప్ టౌన్ నుంచి వస్తుంటె స్టీరింగ్ చెడిపోయి మారిషస్‌ల ఆగవలసొచ్చింది. సముద్రం మీద తిరగాల్సింది తిరగకపోతే ఇంటికి రాలేరు.

ఇక్కడ ఇద్దరూ రెండు వేర్వేరు పనిచోట్ల నుంచి మాట్లాడుతున్నారు. పట్టాల మీద బండికి దారి ముందే వేసి ఉంది. అక్కడ సామాను చెయ్యాల్సిన పనల్లా చోటు కదలకుండా ఉండడం. నీటి మీద దారి క్షణక్షణానికీ మారుతుంది. గాలిని బట్టి విప్పి, బిగించి, మళ్ళీ విప్పడమే పడవ నడపడం. ఒకచోట భద్రత అనిపించేది ఇంకోచోట ప్రమాదం కావడానికి కారణం ఇదే. కానీ మామ ఈ జవాబుతో తృప్తిపడలేదు, ఆయన పట్టు నాకు న్యాయంగానే తోచింది.

మామ: షాకిల్, తాడు, అవి విప్పేటివి. ఒప్పుకుంట. గూస్‌నెక్కు స్క్రూలు విప్పేటివి కావు కదా? అవి ఒక్కసారి వేస్తే ఉండాల్సినవే. గట్టిగ ఉన్నయి. ఇంకేం కావాలె?

కోడలు: గట్టిగ ఉన్నయని ఎట్ల తెలిసింది?

మామ: తిరుగుతలేవు కదా.

కోడలు: తిరగకపోవుడు వేరు, బిగువు వేరు మామా. నువ్వే టార్క్ రెంచితోటి బిగించినవు ఇన్నేండ్లు. బోల్టు బిగిస్తే వెంట్రుకవాసి సాగుతది. ఆ సాగిన బోల్టు వెనక్కి లాక్కోవాలని చూస్తది, ఆ లాగుడే రెండు పలకలను నొక్కి పడ్తది. గది బిగువు. ఇక్కడ చూడు, స్క్రూ తల చుట్టు తెల్లటి పొడి. పెయింటు ఉబ్బి పొక్కింది. ఆ పొడి ఒకప్పటి అల్యూమినియమే. మర చుట్లల్ల ఉన్న లోహం కొంత పోయి, దాని జాగల దానికంటె ఎక్కువ చోటు తినే పొడి వచ్చి ఇరుక్కున్నది. స్క్రూ తిరగనిది ఆ పొడి నొక్కుడుకు. అసలు పట్టుకోవాల్సిన చుట్లు ఎన్ని మిగిలినయో బయటికి కనబడదు. ఇట్లాంటిది ఏండ్లు కదలకుండ ఉంటది, ఒకనాడు మొత్తం చేతికొస్తది.

మామ: సముద్రంల తిరిగిన పడవయితే ఉప్పుకు అయింది అనుకోవచ్చు. హుస్సేన్ సాగర్ల ఉప్పెక్కడిది?

కోడలు: కరెంటు పారేటంత చాలు, సముద్రమే కావాల్సిన పనిలేదు. నాలాల నీళ్ళు, మురుగు, వాటిల కరిగిన లవణాలు ఎన్ని ఏండ్లు కలిసినయి ఆ చెరువుల! సముద్రంల అయిదేండ్లకు అయ్యేది ఇక్కడ ఇంకా ఎక్కువ ఏండ్లకు అయితది, అంతే తేడా. రెండు వేరు వేరు లోహాలు తాకుతున్నయి, మధ్యల తడి ఉన్నది. ఒకటి తన్ను తాను అరగదీసుకుని ఇంకోదాన్ని కాపాడ్తది. స్టెయిన్‌లెస్, అల్యూమినియం కలిసిన చోట అరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. స్క్రూ మెరుస్తనే ఉంటది, గోడ పోతది.

ఆమె తర్వాత చెప్పిన కథ చాలా పాతది, కానీ ఈ విషయంలో అంతకంటే తేటైన సాక్ష్యం నేను వినలేదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగింది. సముద్రపు పురుగు చెక్కను తొలిచెయ్యకుండా అది ఉపాయం. ఓడ వెస్టిండీస్ తిరిగి వచ్చాక 1763లో రేకులు విప్పి చూశారు. చెక్క బాగుంది. రాగిని తాకిన ఇనప మేకులు మాత్రం చాలాచోట్ల తినేసినట్టు పోయాయి. రేకుల కట్టలకు చుట్టివచ్చిన ముతక కాగితాన్ని కొన్నిచోట్ల పనివాళ్ళు ఊడదియ్యకుండా అలాగే కొట్టేశారు. కాగితం మిగిలిన చోట ఇనుము చెక్కుచెదరలేదు. వోల్టా మొదటి బ్యాటరీ చేసింది 1800లో. అంటే రెండు లోహాల మధ్య కరెంటు పుడుతుందని ఎవరికీ తెలియకముందే, ఒక కాగితం ముక్క దాన్ని ఆపి చూపించింది.

మామ: కాగితం కథ మంచిగున్నది. అప్పుడు పెట్టలేదు, ఇప్పుడెట్ల? తియ్యాల్నంటున్నవు, కాల్చొద్దంటున్నవు, కొయ్యొద్దంటున్నవు. మరి ఎట్ల తీస్తవు?

కోడలు: వేడి కావాలె, కానీ నీ వేడి కాదు. అల్యూమినియం ఉక్కు కంటె ఎక్కువ వ్యాకోచిస్తది. డిగ్రీ పెరిగితె మీటరుకు 23 మైక్రాన్లు. స్టెయిన్‌లెస్ 16, 17. అంటే రెండింటిని కలిపి వేడి చేసినా చిల్లు స్క్రూ కంటె ఎక్కువ పెద్దగైతది. హాట్ ఎయిర్ గన్ను తెచ్చిన.

మామ: గన్నెందుకు? మసిలే నీళ్ళు పొయ్యి. నీళ్ళు నూరు డిగ్రీలు దాటమన్నా దాటవు. నువ్వు చెప్పిన రెండొందలకు అది ఎన్నడూ పోదు. కొలిచే పనే లేదు. ఆవిరి ఇంజన్ల కాలంల మేము ఎన్ని కవాటాలను మసిలే నీళ్ళతోటి వదిలించినం!

అమ్మాయి దగ్గర ఆ వాదానికి జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. గన్ను నాజిల్ దగ్గర గాలి 500 డిగ్రీలు దాటగలదు, చెయ్యి ఒక్కచోట ఆగితే గోడ ఎంత వేడెక్కిందో తెలియదు. నీటికి ఆ పొరపాటు చెయ్యడం చేతకాదు. పాత బట్టను స్క్రూల చుట్టూ చుట్టి దాని మీద మసిలే నీళ్ళు పోశారు.

కోడలు: లెక్క చూస్తే ఆరు మిల్లీమీటర్ల స్క్రూకు 70 డిగ్రీలు పెంచితె వచ్చే సందు మూడు మైక్రాన్లు కూడ కాదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటది.

మామ: మూడు మైక్రాన్లకు ఏమొస్తది మరి?

కోడలు: సందు కోసం కాదు. ఆ పొడి గట్టిపడితె పెళుసు. సాగదు, పగుల్తది. వేడి చెయ్, చల్లార్చు, మళ్ళ వేడి చెయ్. ప్రతిసారి కొంచెం పగుల్తది. నూనె దూరేది ఆ పగుళ్ళల్లకే. నూనె ఆ పొడిని కరిగించదు. అందుకే మొదలే డబ్బాడు పోస్తే లాభం లేదు. ముందు పగులు, తర్వాత నూనె.

మామ: అది మాకు ఇంకోతీరు తెలుసు. నూనె పోసి సుత్తెతోటి తల మీద సన్నగ తట్టేటోళ్ళం. గట్టిగ కాదు, చాలాసార్లు. తిప్పేముందు ఒకసారి బిగించేదిక్కు జరంత తిప్పాలె. బిగించేదిక్కు కదిలితే విప్పేదిక్కు కూడ కదులుతది.

కోడలు: అది నా పుస్తకంల లేదు.

మామ: పుస్తకంల ఉండదు. పానా పట్టుకున్న చేతికి తెలుస్తది, కదిలేముందు కిర్రుమంటది. ఆ చప్పుడు విన్నంక ఆపాలె. ఇంకా తిప్పితె విరుగుతది. వెనక్కి ముందుకు, వెనక్కి ముందుకు, నూనె పోసుకుంట.

గ్యాస్ నూనె, అంటే కిరోసిన్, ఇప్పుడు రేషన్లో దొరకడం లేదు. దాని బదులు డీజిల్ చాలంటాడు మామ. కోడలు అసిటోన్‌లో గేర్‌బాక్సుల ఎర్ర నూనె సగానికి సగం కలిపి తెచ్చింది. పల్చగా పాకడంలో ఆ మిశ్రమానిది పైచెయ్యే, కానీ అసిటోన్ పెయింటును ఊడదీస్తుంది, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. షెడ్డులో గ్రైండర్ నడుస్తుండగా దాని మూత తియ్యొద్దని మామ ఖరాఖండిగా చెప్పాడు. ఆ మాటకు ఎదురు లేదు. ఇంకొకటి కూడా వచ్చింది మాటల్లో. గడియారాలు బాగుచేసేవాళ్ళు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు స్క్రూను పటిక నీళ్ళలో వెచ్చగా నానబెట్టి కరిగిస్తారు. ఇత్తడి అలాగే ఉంటుంది, ఉక్కు పోతుంది. ఎంతో అందమైన పని అది. ఇక్కడ మాత్రం స్క్రూ స్టెయిన్‌లెస్, పటికకు లొంగదు.

ఇంపాక్ట్ స్క్రూడ్రైవరు వెనక సుత్తె దెబ్బ పడితే దాని కొస ముందుకు నొక్కుతూనే కొంచెం తిరుగుతుంది. తల చెడకుండా అదురు లోపలికి పోతుంది. నాలుగిట్లో మూడు అలా వచ్చాయి. నాలుగోదాని తల తెగింది. మామ ఎడమ చుట్టు డ్రిల్లు బిట్టు తీశాడు. అది స్క్రూ విప్పే దిక్కుకే తిరుగుతూ కోస్తుంది గనక, పట్టు దొరికితే కోస్తూనే బయటికి లాగుతుంది. సగం లోతు పోయేసరికి మిగిలిన మొండెం దానంతట అది తిరిగి బయటపడింది. అప్పుడు చిల్లులోకి చూస్తే మర చుట్లు మూడో వంతు లేవు. తిరగకపోవడం వేరు, బిగువు వేరు అన్న ఆమె మాట అక్కడ కంటికి కనిపించింది. మామ కూడా చూశాడు, ఏమీ అనలేదు, పక్కకు జరిగి టర్న్‌బకిల్ తీసుకున్నాడు.

మామ: దీనికి తుప్పు లేదు, పొడి లేదు. పైపు పెట్టి తిప్పుత.

కోడలు: వద్దు మామా! ఇది తుప్పు పట్టి ఆగింది కాదు. రెండుదిక్కుల స్టెయిన్‌లెస్సే. స్టెయిన్‌లెస్ మీద సన్నటి పొర ఉంటది, గాలి తగిలితే మళ్ళ మళ్ళ వస్తది. బరువు మీద గట్టిగ, వడివడిగ తిప్పితే ఆ పొర చిరిగి లోపలి లోహం లోహానికి అంటుకుంటది. వెల్డింగు లేకుండనే అతుకు. ఎంత బలం పెడితె అంత ఎక్కువ అతుకుతది.

మామ: మరి నీ మసిలే నీళ్ళు, నీ ఓపిక?

కోడలు: దీనికి పనికిరావు.

మామ: గిప్పుడు చెప్పు. కొయ్యాల్నా వద్దా?

కోడలు: కొయ్యాలె.

మామ: పొద్దటినుంచి నేనంటున్నది గదే కదా!

కోడలు: నువ్వు అన్నిటికీ అన్నవు. దీనికి నిజమే. అతికి చిరిగిన మర మీద మాస్టు బరువు పెట్టలేను. కొత్తదానికి మధ్యల ఒళ్ళు కంచుది, కొనలు స్టెయిన్‌లెస్‌ది తెస్త. వేరు వేరు లోహాలయితె ఇట్ల అతుక్కోవు.

మామ: వేరు లోహాలు తాకొద్దని ఇప్పుడే అన్నవు.

కోడలు: కంచు, స్టెయిన్‌లెస్ దగ్గరి చుట్టాలు. వాటి మధ్యల పుట్టే కరెంటు తక్కువ. అల్యూమినియం దూరపుది. రెండిట్ల ఏ ప్రమాదం పెద్దదో చూసుకోవాలె గాని, ఏ ప్రమాదం లేని జత దొరకదు.

చుక్కాని కొక్కేల దగ్గరికి వచ్చేసరికి వాదం రంగు మారింది. అవి ఆ పడవ మీద మొదటినుంచీ ఉన్నవి. చేతి పోత పనితనం కనిపిస్తుంది, అంచులు మెత్తగా అరిగాయి. అమ్మాయికి వాటి మీద మమకారం. మామ ఆకురాయితో ఒక మూల గీకి చూపించాడు. పసుపు రావాల్సిన చోట గులాబి వచ్చింది.

మామ: చూసినవా? ఇంజను నీటి ట్యాంకు కుళాయిలకు ఇట్లనే అయ్యేది. రంగు ఎర్రబారిందంటే చేతితోటి విరిగేది. ఎందుకో నువ్వు చెప్పు, చదువుకున్నవు.

కోడలు: ఇత్తడిల రాగి, జింకు ఉంటయి. తడిల జింకు మెల్లగ బయటికి పోతది. మిగిలింది బొక్కలు బొక్కలుగ ఉన్న రాగి. ఆకారం అదే, బలం లేదు. కానీ మామా, ఒక మూలకే అట్ల అయ్యిందేమో. మొత్తం కోసి చూడకుండ...

మామ: చుక్కాని దేని మీద వేలాడ్తది? దీని మీదనే. ఇందాక తారిణి కథ చెప్పినవు నాకు. నీ పాత ప్రేమ కోసం నీళ్ళ నడిమిట్ల చుక్కాని పోగొట్టుకుంటవా?

కోడలు: అన్ని పాతవి తీసేస్తే ఇది ఎందుకు ఎంటర్‌ప్రైజ్? కొత్త పడవ కొనుక్కుంటుంటి.

మామ: పాతదంటె మనకంటె పాతది ఎవరికుంది? మన ఓరుగల్లు గణపతిదేవుడు 1244ల మోటుపల్లి రేవుల శాసనం వేయించిండు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంత గుంజుకునేటోళ్ళట. సుంకం తప్ప ఏం ముట్టుకోనని ఆయన మాటిచ్చిండు. ఆ తీరంల అలల్ని దాటించిన మసూలా పడవలకు మేకే లేదు. పలకలను కొబ్బరిపీచు తాడుతోటి కుట్టేటోళ్ళు. ఇనుము లేదు, జాముడు లేదు. అసలు మేకు కొట్టుడే తప్పు అంటే ఏమంటవు?

కోడలు: కుట్టిన పడవ ఒడ్డు అలలకు వంగుతది, మేకు కొట్టింది పగుల్తది. ఆ పనికి అదే సరైంది. కానీ హోర్ముజ్‌ల కుట్టు ఓడలను చూసి మార్కో పోలో ఇవి నాసివి, చాలా మునుగుతయని రాసిండు. ఆయనే మోటుపల్లి గురించి కూడ రాసిండు. మొన్న మన నౌకాదళం కుట్టిన ఓడ ఒకటి మళ్ళ కట్టించింది, కౌండిన్య. 2025 మేల కార్వార్‌ల దళంల చేర్చుకున్నరు. దాన్ని కూడ కనిపెట్టుకుని ఉండాలె, కుట్టిన తాడు నానుతది, చివుకుతది. మసూలా పడవలను మాటిమాటికి విప్పి కొత్త తాడుతోటి కుట్టేటోళ్ళు. అవి జామ్ కాకపోడానికి ఇనుము లేకపోవుడొక్కటే కారణం కాదు. విప్పుతనే ఉన్నరు కాబట్టి.

మామ: ఇప్పుడు నా దారికొచ్చినవు!

ఈ మాట దగ్గర మామ ముఖంలో వచ్చిన వెలుగుకు కారణం ఆయన ఉద్యోగమంతటిలో ఉంది. రైల్వేలో పీరియాడికల్ ఓవర్‌హాల్ అని ఒక పద్ధతి ఉంది. రైలు పెట్టె బాగా నడుస్తున్నా, ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా, గడువు తేదీ వస్తే వర్క్‌షాపుకు పంపి విప్పాల్సిందే. చెడ్డాక విప్పడం కాదు, గడువుకు విప్పడం. ఈ పడవ ఇంత కష్టపెట్టడానికి అసలు కారణం కూడా అక్కడే దొరుకుతుంది. ఏటా ఒకసారి ఆ నాలుగు స్క్రూలను విప్పి తుడిచి మళ్ళీ బిగించి ఉంటే పావుగంట పని. ఏళ్ళ తరబడి ఎవరూ పానా పెట్టలేదు. క్లబ్బుల్లో, ఇళ్ళల్లో, చెరువు తూముల షట్టర్ల దగ్గర కూడా మనం చేసేది ఇదే. నడుస్తోందని వదిలేస్తాం, నడవనప్పుడు సుత్తె వెతుక్కుంటాం. మామ ఈ విషయంలో కోపంగా మాట్లాడతాడు, ఆ కోపం నాకు ఇష్టం.

మామ: మళ్ళ బిగించేటప్పుడు ఏం పెడ్తవు? గ్రీజా?

కోడలు: మామూలు గ్రీజు ఎండకు కారిపోతది, నీళ్ళకు కొట్టుకపోతది. మర చుట్లకు లానోలిన్ పెడ్త. గొర్రె ఉన్నిల ఉండే జిడ్డు. నీళ్ళను దగ్గరికి రానియ్యదు. పడవలోళ్ళు ఎన్నో ఏండ్లుగ వాడ్తున్నరు.

మామ: గొంగడి వానల తడిసినా లోపలికి నీళ్ళు రానియ్యనిది ఆ జిడ్డే కదా. కురుమోళ్ళను అడిగితె చెప్తరు.

కోడలు: అవును. ఇగ స్క్రూ తల కింద నైలాన్ వాషర్, గూస్‌నెక్కు వెనక ప్లాస్టిక్ రేకు. ఆ కాగితం చేసిన పనే. చెడిపోయిన చిల్లులను వదిలి, పక్కన కొత్తయి వేసి రివెట్లు కొడ్త.

మామ: కొక్కేల సంగతి చెప్పలేదు.

కోడలు: పెంబర్తిల చేయిస్తే? ఇత్తడి పని వాళ్ళ కంటె ఎవరికొస్తది?

మామ: పెంబర్తోళ్ళది రేకు మీద పని. కొట్టి బొమ్మ తేల్చుడు. వాళ్ళ చెయ్యి దేవుని తొడుగుల మీద ఉండాలె, నీ చుక్కాని బరువు మీద కాదు. పైగా మళ్ళ ఇత్తడే, మళ్ళ జింకే పోతది. గన్‌మెటల్ కావాలె నీకు. రాగిల తగరం ఎక్కువ, జింకు కొంచెమే. మా ఇంజన్ల బుష్షులు దానివే. ఎంత నీళ్ళల్ల ఉన్నా ఎర్రబారేటివి కావు.

కోడలు: అయితే ఈ పాతదాన్నే నమూనాగ పెట్టి పోత పోయిద్దం. దీన్ని కొయ్యొద్దు. అచ్చు చెడుతది.

మామ: కొయ్యకుండ ఎట్ల తీస్తవు? చెక్కల దూరిన ఇత్తడి స్క్రూలకు తలలు ఎప్పుడో పోయినయి.

కోడలు: స్క్రూల చుట్టు సన్న గొట్టం రంపంతోటి చెక్కను తీసి, చెక్క ముక్కతోటి సహా బయటికి లాగుత. తర్వాత ఆ చిల్లులకు చెక్క బిరడాలు జిగురు పెట్టి కొడ్త.

మామ: చెక్కను కోస్తవు గాని ఇత్తడిని కొయ్యవు. చెక్క నీకు పాతది కాదా?

కోడలు: చెక్కకు అతుకు పడ్తది. కొక్కెం ఆకారం పోతే మళ్ళ రాదు.

దీని మీద ఇద్దరూ ఒప్పుకోలేదు. మామ దృష్టిలో పడవ ఒళ్ళు ముఖ్యం, కొక్కెం కొలతలు కాగితం మీద రాసుకుంటే చాలు. నాకు మామ మాటే సరైనదనిపించింది. ప్లైవుడ్‌కు పెద్ద చిల్లు పెడితే తడి పొరల మధ్యకు పోవడానికి అదొక దారి, బిరడా ఎంత బాగా అతికినా సరే. కానీ పడవ ఆమెది. చివరికి ఒక కొక్కెం కోసి, రెండోది ఆమె పద్ధతిలో తియ్యడానికి కుదిరింది. నమూనాకు ఒక్కటి చాలు కదా.

మామ: ఇంకొకటి. పెట్టె ఓవర్‌హాలయి బయటికి వచ్చేటప్పుడు దాని గోడ మీద తెల్ల పెయింటుతోటి తేదీ వేస్తరు. మాస్టు అడుగున నువ్వు కూడ వెయ్యాలె.

కోడలు: వేస్త. ఇవ్వాల్టి తారీకేనా?

మామ: ఇవ్వాల్టిది ఒక్కటే వేస్తే సగం పనే. పెట్టెల మీద రిటర్న్ డేట్ అని రెండోది కూడ ఉంటది. మళ్ళ ఎప్పుడు విప్పాల్నో గది.

కోడలు: వచ్చే ఏడు వానాకాలానికి ముందు. మే నెల.

మామ: మే అంటే 31 తారీకు కూడ మేనే. రోజు చెప్పు.